టోఫునకు రుచి పట్టించు విధము

టోఫు చప్పగా నుండుననియు, పంటికింద రబ్బరువలె సాగుననియు, ఆరోగ్యమునకై మింగవలసినదే గాని యిష్టపడి తినదగినది కాదనియు మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. ఈ నింద పదార్థమునకు చెందదు; పనీరును వండినట్లే దీనిని గూడ వండు మన యలవాటునకు చెందును. పనీరునందు పాలకొవ్వు సమృద్ధిగా నుండుటచే, పెనముమీద వేసినంతనే యది తన నేతితో తానే వేగి, మసాలా లేకున్నను కమ్మగా నుండును. టోఫునందు కొవ్వు తక్కువ, నీరు మిక్కుటము; గట్టి రకమునందు సైతము బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఆ నీరు నిండియున్నంతవరకు మన యుప్పుకారములకు లోపల చోటెక్కడిది? కావున ముందుగా నీటిని వెడలించి, పిమ్మట ఆ చోట రుచిని నింపుటయే టోఫు వంటలోని కిటుకంతయు.

సోయా చిక్కుడు గింజలను రాత్రి నానవేసి, మెత్తగా రుబ్బి, నీరు చేర్చి కాచి, వడగట్టగా వచ్చిన పాలను విరిచి, గుడ్డలో మూటగట్టి బరువు పెట్టినచో టోఫు సిద్ధమగును. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమున చీనాదేశపు హువైనాన్ ప్రభువగు ల్యూ ఆన్ దీనిని కనిపెట్టెనని యొక యైతిహ్యము గలదు గాని, అందుకు గట్టి నిదర్శనము లేదు. పాలు విరుగుటకు చీనావారు జిప్సమును, జపానువారు సముద్రపుటుప్పు తీయగా మిగిలిన చేదు నీటినుండి వచ్చు నిగారిని వాడుదురు. మన యింట నిమ్మరసముతోనైనను పని జరుగును, అయితే ముద్ద కొంచెము పొడిపొడిగా నుండి పులుపు తగులును. సోయా పాలు చక్కగా మరగవలెను. పచ్చి గింజలో మాంసకృత్తుల జీర్ణమునకు అడ్డుపడు పదార్థములు గలవు. అవి కాగుటచేతనే నశించును, పచ్చివాసనయు దానితోనే పోవును. నురుగు ఒక్కసారిగా పొంగివచ్చును గనుక పెద్ద గిన్నె యుండవలెను. ఆదిలాబాదు రైతులు సోయా పండించుచున్నారు; గింజలు దొరకుట మనకు కష్టము కాదు.

అంగడిలో కొనువారు రకమును గమనింపవలెను. జున్నువలె వణకు మెత్తని రకము చారులకును, ఆవిరిపై వండు వంటలకును తగును. వేపుళ్ళకు, ఇగురులకు, పులుసులకు గట్టిదియే కావలెను. మెత్తనిదానిని తెచ్చి వేపబూనుటచేతనే మొదటి ప్రయత్నమున పలువురకు నిరాశ కలుగుచున్నది.

నీటిని వెడలించుటకు మూడు మార్గములు గలవు. శుభ్రమైన గుడ్డలో చుట్టి, పైన పీటయు, దానిపై నీళ్ళ చెంబునుంచి అరగంట విడుచుట అందరెరిగినదే. రెండవది వినుటకు వింతగా నుండును: ముక్కలుగా కోసి, ఉప్పు బాగుగా వేసిన మరుగునీటిలో పది నిమిషములు ఉంచుట. నీటితో నీటిని తీయుట యెట్లని శంకింపనక్కరలేదు. ఆ వేడికి ముక్క బిగిసి లోని నీటిని కొంత విడుచును, ఉప్పు పైపొరకు పట్టును, గుడ్డమీద ఆరబెట్టినంతనే తడి యావిరియై పోవును. మూడవది నాకు మిక్కిలి ప్రియమైనది. టోఫును ఫ్రీజరులో రాత్రియంతయు ఉంచినచో, లోని నీరు మంచు పలుకులై పెరిగి మాంసకృత్తుల యల్లికను చీల్చును. తెల్లని ముద్ద పసుపువన్నెకు తిరుగును; కరగిన పిమ్మట మరల పాలిపోవును. అప్పుడు రెండరచేతుల నడుమ మెల్లగా నొత్తినచో నీరు ధారగా కారి, లోపల సన్నని రంధ్రములు నిండిన మెత్త వంటి ముక్క మిగులును. దీనిని పులుసులో వేసినచో ప్రతి రంధ్రమును పులుసుతో నిండును. జపానువారు చలికాలపు రాత్రులందు ఆరుబయట గడ్డకట్టించి యెండబెట్టిన టోఫును తరతరములుగా వాడుచున్నారు.

ఇక వేపుట. పెనము బాగుగా కాగిన పిదపనే నూనె వేసి, తడి తుడిచి బియ్యపు పిండియో మొక్కజొన్న పిండియో పలుచగా అద్దిన ముక్కలను ఒకదానికొకటి తగులకుండ పరువవలెను. అటుపిమ్మట వానిని కదల్పరాదు. మొదట చిటపటలు బిగ్గరగా వినబడును. తడి తగ్గినకొలది ఆ చప్పుడు సన్నగిల్లును, అంచులు బంగారువన్నెకు తిరిగి ముక్క తనంతట తానే పెనమును విడుచును. అదియే తిప్పవలసిన సమయము. తొందరపడినచో పైపొర పెనమునకే యంటుకొని పోవును. వేపుటకు ముందే ముక్కలను మసాలా కలిపిన నూనెలో నానవేయుట వలన పెద్ద ప్రయోజనము లేదు, నీరు నిండిన ముక్కలోనికి నూనె చొరదు. ఉప్పు, పులుపు గల పలుచని ద్రవమును వేగిన ముక్కలపై వేడివేడిగా పోసినచో మాత్రము అవి ఆత్రముగా పీల్చుకొనును.

ఈ మర్మమును చీనాదేశమున సిచువాన్ ప్రాంతమువారు చక్కగా నెరిగినవారు. చెంగ్డూ నగరమున పుట్టిన మాపో టోఫులో మెత్తని ముక్కలను ఉప్పునీట కాచి, పులియబెట్టిన చిక్కుళ్ళ కారపు ముద్దతోను, నాలుకను తిమ్మిరెక్కించు సిచువాన్ మిరియముతోను ఉడికింతురు. కొంకణ తీరపు వంటలలోని తిర్ఫలము ఆ మిరియమునకు బంధువు. మిరపకాయ మనకువలెనే వారికిని అమెరికా ఖండమునుండి వచ్చినదే. ఆ కారము మన నాలుకకు పరాయిగా తోచదు. ఆ వంటలో వేయు మాంసపు తరుగు వద్దనువారు దానికి మారుగా పుట్టగొడుగులను వేయవచ్చును. జపానులోని ఒసాకాయందు 1782లోనే నూరు టోఫు వంటకములతో ‘తోఫు హ్యకుచిన్’ అను గ్రంథము వెలువడినదన్న, ఈ చప్పని ముద్దపై వారికెంత మమకారమో తెలియుచున్నది.

మన వంటింటిలో దీనికి తగిన చోట్లు తక్కువేమియు కావు. గడ్డకట్టించి పిండిన ముక్కలు గోంగూరలో పరమ రుచ్యములు. గోంగూర పులుపు లోనికి దిగుటకు పదినిమిషములు మూతబెట్టి మగ్గనీయవలెను. వేగిన ముక్కలపై వెల్లుల్లి కారమును చల్లి, కరివేపాకుతో ఒక్కసారి కలిపి దింపిన వేపుడు పప్పన్నమునకు జోడు. త్వరగా కావలెనన్న, టోఫును చేతితో చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో నీరింకువరకు వేపి, కోడిగుడ్డు పొరటువలె చేయుడు. చివర మిరియాలపొడి మరువకుడు. పాలకూర పప్పులో వేయుట నా కంతగా నచ్చదు, రెండును మెత్తనివే యగుటచే పంటికి పనియుండదు. ఇంట చేసినప్పుడు మిగులు సోయా పిప్పిని పారవేయక, శనగపప్పు రుబ్బులో మూడవ వంతు కలిపి వడలు వేయవచ్చును.

వాడగా మిగిలిన టోఫును మూతగల గిన్నెలో, మునుగునంత మంచినీటనుంచి, ఆ నీటిని దినదినము మార్చుచు, ఫ్రిజ్జులో మూడునాళ్ళవరకు ఉంచవచ్చును. నీరు చిక్కబడినను, ముక్క వ్రేలికి జిగురుగా తగిలినను, పుల్లని వాసన వచ్చినను ఇక వాడరాదు.