కాలేయము గట్టిపడినపుడు కలుగు ఉపద్రవములు

పొట్ట యుబ్బి, కాళ్లు వాచి, కన్నులు పచ్చబడిన రోగిని మనలో పెక్కుమంది చూచియుందురు. "త్రాగి చెడినాడు" అని లోకులు సులభముగా ననుచుందురు. ఆ మాట యెంతవరకు నిజమో, అట్టి రోగికి ఇంటివారు చేయదగిన సాయమేమో ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

కుడివైపున ప్రక్కటెముకల క్రింద నుండు కాలేయము సుమారు 1.5 కిలోగ్రాముల తూకము గల యవయవము. ప్రేగులనుండి వచ్చు రక్తము మొదట దీనిలో ప్రవేశించును. కాలేయము అందలి విషములను నిర్వీర్యము చేసి, శరీరమునకు వలయు మాంసకృత్తులను తయారుచేయును. ఇది చిరకాలము దెబ్బతినుచు వచ్చినచో, మెత్తని భాగము నశించి, మానిన గాయపు మచ్చవంటి గట్టి పోగులు దానియం దల్లుకొనును. 1819లో ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ ఈ వ్యాధికి సిరోసిస్ అని పేరిడెను. స్టెతస్కోపును కనిపెట్టినవాడును ఇతడే.

మద్యపానము దీనికొక ముఖ్యకారణమే. కాని హెపటైటిస్ బి, సి అను వైరసులవలనను, మధుమేహముతోను స్థూలకాయముతోను కూడి కాలేయమున చేరు క్రొవ్వువలనను ఇది కలుగును. కల్లు, సారాయి యెన్నడును ముట్టని అవ్వకు గూడ రావచ్చును. కావున రోగిని నిందించుట తగదు.

కారణమును తొలగించినచో వ్యాధి నిలిచిపోవచ్చును; కొంత తగ్గవచ్చును. ప్రాణాపాయము తెచ్చునవి ముఖ్యముగా దాని ఉపద్రవములు.

మొదటిది జలోదరము. కాలువ పూడినపుడు నీరు వెనుకకు తన్ని గట్లనుండి ఊరునట్లు, గట్టిపడిన కాలేయమున త్రోవ దొరకక రక్తపు టొత్తిడి వెనుక సిరలలో పెరుగును. మూత్రపిండములు ఉప్పును విడువక నిలుపుకొనును. అంతట పొట్టలో నీరు చేరును. ఉప్పు తగ్గించుట దీనికి మొదటి చికిత్స. ఊరగాయ, అప్పడము, ఎండుచేప మానవలెను. వైద్యులు మూత్రమును ఎక్కువగా వెడలించు మాత్రలిత్తురు. అవి చాలనిచో సూదితో నీరు తీయుదురు. ఒకేసారి 5 లీటర్లకు మించి తీసినపుడు ఆల్బుమిన్ ఎక్కింతురు. ఆ నీటిలో సూక్ష్మజీవులు చేరినచో జ్వరము, కడుపునొప్పి కలుగును. అపుడు జాగు సేయక ఆసుపత్రికి పోవలెను.

రెండవది రక్తము కక్కుట. త్రోవ దొరకని రక్తము అన్ననాళపు టడుగుననున్న సన్నని సిరలలోనికి మరలి వానిని ఉబ్బించును. అవి పగిలినచో రోగి రక్తము కక్కును. లేదా మలము తారువలె నల్లనగును. ఇది క్షణమాలస్యము చేయరాని యాపద. వైద్యులు ఒత్తిడి తగ్గించు మందులిచ్చి, ఎండోస్కోపు అను గొట్టమును నోటిద్వారా దింపి, ఆ సిరలకు చిన్న రబ్బరు కట్లు వేయుదురు. ముందే కనుగొన్నచో ప్రొప్రనొలాల్ వంటి మాత్రలతోనో, కట్లతోనో పగులుటను నివారింపవచ్చును.

మూడవది ఇంటివారు తరచుగా పొరబడునది. అమ్మోనియా మొదలగు విషములు రక్తమున నిలిచి మెదడును చేరును. రోగి పగలు నిద్రించి రాత్రి మేలుకొనును, మాట తడబడును, చాచిన చేతులు అదరును. దీనిని చూచి మరల త్రాగినాడని కొందరు, గాలి సోకినదని కొందరు తలతురు. ఇది వ్యాధియే. మలబద్ధము, రక్తస్రావము, నిద్రమాత్రలు దీనిని రేపును. దినమునకు రెండు మూడు మెత్తని విరేచనములగునట్లు లాక్టులోజ్ అను పానకమును వైద్యులిత్తురు. పప్పు, పాలు, గ్రుడ్డు మానిపింపరాదు; రోగి కండలు కరగి మరింత క్షీణించును.

నాలుగవది కాలేయపు కాన్సరు. ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండు పరీక్ష చేయించినచో అది చిన్నదిగా నుండగనే బయటపడును.

ఏ చికిత్సయు చాలనప్పుడు కాలేయమును మార్చుట యొక్కటే మార్గము. 1963లో అమెరికాలో థామస్ స్టార్జెల్ దీనిని మొదట ప్రయత్నించెను, 1967లో సఫలుడయ్యెను. మన దేశమున 1998లో ఢిల్లీయందొక పసిబాలునికి ఇది జయప్రదముగా జరిగెను. బ్రతికియున్న బంధువు తన కాలేయమున కొంత భాగమీయవచ్చును. మిగిలినది మరల పెరుగును.

విద్యార్థులారా! నాటుమందులతోను, అంగడి నొప్పిమాత్రలతోను కాలము గడపనీయకుడు. పుట్టిన 24 గంటలలో శిశువునకు హెపటైటిస్ బి టీకా వేయింపవలెనని పెద్దలకు జెప్పుడు. మీ యింట నిట్టి రోగి యున్నచో, అతని యన్నములో ఉప్పును, అతని మాటలో తడబాటును కనిపెట్టుచుండుడు. ప్రమాదమును మొదట గుర్తించువారు వైద్యులు కారు, ప్రక్కనున్న మీరే.