చెవి సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినది?

జంషెడ్‌పూర్‌లో ఉక్కు నాణ్యతను కంటితో చూసి ఎవరూ నిర్ణయించరు. కడ్డీని సాగదీసి, వంచి, రసాయన పరీక్షకు పెట్టిన తరువాతనే దానికి విలువ కడతారు. 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన జాతీయ మెటలర్జికల్ లేబొరేటరీ ఉన్నది ఈ నగరంలోనే. ఇటువంటి ఊరిలో, బిష్టుపూర్‌లోనో కదమాలోనో, ఉద్యోగ విరమణ చేసిన సంగీతప్రియుడొకరు తాము కూడబెట్టిన ధనంతో లక్షల రూపాయల ధ్వని పరికరం కొనదలచారనుకుందాం. దానిని ఆయన దేనితో పరీక్షించాలి? చెవితోనే కదా! ఆ చెవి చెప్పే సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినదన్నదే ప్రశ్న.

ఆ పరికరం పేరు డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, వాడుకలో 'డాక్'. సీడీలో గాని, ఫోనులో గాని సంగీతం నాదరూపంలో ఉండదు, అంకెల రూపంలో ఉంటుంది. సీడీ ప్రమాణం ప్రకారం ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా గుర్తిస్తారు. ఆ అంకెలనుండి అవిచ్ఛిన్నమైన విద్యుత్ తరంగాన్ని తిరిగి నిర్మించడమే డాక్ చేసే పని.

1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ సంస్థ తన తొలి సీడీ ప్లేయరును విడుదల చేసేనాటికి ఇది సులభసాధ్యం కాదు. సీడీ రూపకల్పనలో భాగస్వామి అయిన ఫిలిప్స్ తన తొలి యంత్రాలలో 16 బిట్లకు బదులు 14 బిట్ల డాక్‌ను వాడి, కొలతల వేగాన్ని నాలుగు రెట్లు పెంచి లోటు పూడ్చుకొన్నది. ఆనాటి యంత్రాల ధ్వని కరకుగా ఉన్నదన్న శ్రోతలు లేకపోలేదు. అటువంటివారికోసం ఖరీదైన డాక్‌ల తయారీ క్రమంగా ఒక పరిశ్రమగా ఎదిగింది. ఇంగ్లండులో 1987లో స్థాపితమైన డీసీఎస్ సంస్థ రాడార్ రంగంలో గడించిన అనుభవాన్ని సంగీతానికి మళ్ళించింది. కార్డ్ ఎలక్ట్రానిక్స్ 2015లో తెచ్చిన 'డేవ్' యంత్రం తరంగాన్ని గణించడానికి 1,64,000 గుణకాలుగల వడపోతను ఉపయోగిస్తుంది. ఇటువంటి వాటి వెల వేల పౌండ్లలో ఉంటుంది.

వీటిని విన్నవారి వర్ణనలు ఇంచుమించు ఒకే తీరున సాగుతాయి. గాయకుని ఊపిరి వినిపించిందంటారు. మృదంగం ఒక చోట, వయొలిన్ మరొక చోట కూర్చున్నట్లు స్పష్టంగా తెలిసిందంటారు. వీరు అబద్ధమాడటం లేదు. నిజంగానే అలా విన్నారు. అయితే దానికి కారణం యంత్రమేనా?

అమెరికాలో మేయర్, మోరన్ అనే పరిశోధకులు 2007లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. సీడీకన్న మేలైన ప్రమాణంలో ముద్రించిన సంగీతాన్ని ఒకసారి నేరుగాను, మరొకసారి సీడీ ప్రమాణానికి కుదించి తిరిగి మార్చిన తరువాతను వినిపించారు. ఏది ఏదో శ్రోతలకు చెప్పలేదు. 554 ప్రయత్నాలలో సరియైన సమాధానాలు 276. నాణెం ఎగురవేసినా ఇంతే వస్తుంది! నిశ్శబ్దమైన గదిలో ధ్వనిని అసాధారణంగా పెంచినప్పుడు మాత్రమే తేడా బయటపడింది. 2016లో లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాలను కలిపి పరిశీలించగా, సరియైన సమాధానాలు నూటికి 52.3 అని తేలింది. శిక్షణ పొందినవారు ఇంకా మెరుగుగా గుర్తించారు. అంటే తేడా శూన్యం కాదు. కాని అతి స్వల్పం.

మరి అంత స్పష్టంగా వినిపించిన తేడా ఎక్కడిది? రెండు పరికరాలలో ఒకటి రవ్వంత బిగ్గరగా పలికినా, మనకది 'బిగ్గర'గా తోచదు, 'మేలు'గా తోస్తుంది. రెండవది, వెల ముందుగా తెలియడం. కన్ను చూసినదాన్ని చెవి సమర్థిస్తుంది.

ఇంటి పరిస్థితులను కూడా గమనించాలి. మే నెలలో జంషెడ్‌పూర్‌లో ఫ్యాను ఆపి సంగీతం వినగలవారెవరు? ఫ్యాను తిరిగే గదిలో నేపథ్య ధ్వని 40 డెసిబెల్స్ దాటడం సాధారణం. మిక్కిలి మెత్తని ధ్వనికి, మిక్కిలి బిగ్గరైనదానికి నడుమ సీడీ ఇమడ్చుకోగల అంతరం 96 డెసిబెల్స్. మేలైన డాక్‌లది సుమారు 120. ఆ అదనపు అంతరం ఫ్యాను హోరులో కలిసిపోతుంది. టేపుపై ముద్రితమైన ఘంటసాల పాటలలోనైతే, టేపు సొంత సవ్వడే సీడీ సవ్వడిని ముంచివేస్తుంది.

కనుక కొనేముందు ఇంటిలోనే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. పాత పరికరాన్ని, కొత్తదాన్ని ఒకే ఆంప్లిఫయరుకు కలపాలి. 1,000 హెర్ట్జ్ స్వరాన్ని మ్రోగించి, స్పీకరు తీగలవద్ద వోల్టేజి రెండింటికీ సమానమయ్యేట్లు మల్టీమీటరుతో సరిచూడాలి. వినేవారికి కనబడకుండా మరొకరు నాణెం ఎగురవేసి పరికరాన్ని ఎంచుకోవాలి. 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగా గుర్తిస్తే, అది కేవలం అదృష్టమయ్యే అవకాశం నూటికి 4 కన్న తక్కువ. అప్పుడు డబ్బు నిస్సంకోచంగా వెచ్చించవచ్చు. గుర్తించలేకపోతే ఆ ధనాన్ని మంచి లౌడ్‌స్పీకర్లకు, ప్రతిధ్వనిని తగ్గించే తివాచీకి, దళసరి తెరలకు వినియోగించడం మేలు. వాటివల్ల కలిగే మార్పును గుర్తించడానికి నాణెంతో పని ఉండదు.