జన్మరత్నములు

బిడ్డ పుట్టిన నెలనుబట్టి యొక రాయిని నగలో పొదిగించి కానుక నిచ్చు నాచారము మన యిండ్లలోనికిని వచ్చినది. ఇది మన నవరత్నధారణమే యని కొందఱు తలంచుచున్నారు. కాని రెండును వేఱు.

మనవారు గ్రహములనుబట్టి సూర్యునకు కెంపు, చంద్రునకు ముత్యము, బుధునకు పచ్చ, శుక్రునకు వజ్రము, శనికి నీలము అని చెప్పిరి. ఏప్రిలునకు వజ్రము, మే నెలకు పచ్చ, జూలైకి కెంపు, సెప్టెంబరునకు నీలము అను పట్టికయో, 1912వ సంవత్సరమున అమెరికాలోని నగల వర్తకులు సభ చేసి స్థిరపఱచినది. చమత్కారమేమనగా, కెంపును నీలమును కురువిందమను నొక్క ఖనిజమే. అందు లేశమాత్రము క్రోమియము చేరిన నెఱుపును, ఇనుము, టైటానియము చేరిన నీలిరంగును కలుగును. శని సూర్యపుత్రుడే కదా!

కొనునపుడు తొందర తగదు. 1902లో వెర్నోయి యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొలిమిలో కెంపును చేయు విధానమును ప్రకటించెను. అట్టిదానిని కంటితో గుర్తించుట కష్టము. పరీక్షాశాల పత్రము లేక గనికెంపు వెల యీయరాదు. ముత్యము మెత్తనిది, పులుసును చెమటయు దాని నిగ్గును చెఱచును. ఇంటిపని చేయు చేతి యుంగరముకంటె చెవికమ్మలే దానికి తగిన తావు.

కోడలి యుంగరమునందు రాయి రాలిన నశుభమని యామెను దూఱువారు కలరు. రాయి రాలుట పట్టు సడలుటచేత. అది కంసాలి సరిచేయదగినది. దానికి మనిషిని నిందింపనేల? శనిభయముచే అప్పు చేసి నీలము కొనుటయు మేము మెచ్చము. ప్రేమతో నిచ్చినది చిన్న రాయియైనను చాలును. ఇచ్చిన పిదప నది యామె స్త్రీధనము. నగతోపాటు రశీదును పత్రమును ఆమె చేతికే యీయుడు.