థేమ్స్ అడుగున కాలిబాటలు

టవర్ ఆఫ్ లండన్ చూడ్డానికి వెళ్లినవాళ్లంతా టికెట్ల కౌంటర్లకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న గుండ్రటి కట్టడాన్ని దాటుకునే వెళ్తారు. కోటకు కాపలా గదో, కరెంటు గదో అనుకుంటారు తప్ప పెద్దగా పట్టించుకోరు. పైన చుట్టూ ఉన్న పట్టీ మీద అక్షరాలు కూడబలుక్కుని చదివితే ‘టవర్ సబ్‌వే’ అన్న పేరు కనిపిస్తుంది. ఒకప్పుడు ఏడాదికి పది లక్షల మంది థేమ్స్ నదిని దాటిన దారి దాని కిందే ఉంది. వాళ్లలో ఎక్కువమంది పనికి వెళ్లేవాళ్లు, పని దిగి ఇంటికొచ్చేవాళ్లు.

పీటర్ బార్లో అనే ఇంజినీరు ఆలోచనకు రూపమిచ్చి ఆ సొరంగాన్ని తవ్వించింది జేమ్స్ హెన్రీ గ్రేట్‌హెడ్. అప్పటికి అతనికి పాతికేళ్లు. నది అడుగున బంకమట్టిని తొలుచుకుంటూ, వెనకాలే పోత ఇనుప వలయాలు బిగించుకుంటూ వెళ్లాడు. 1869లో పని మొదలైతే 1870లో దారి తెరుచుకుంది. ఆ తర్వాత లండన్ ట్యూబ్ రైలు సొరంగాలన్నిటికీ ఆ పద్ధతే దారి చూపింది. మొదట్లో పన్నెండు మంది పట్టే ఒక పెట్టెను ఆవిరి యంత్రంతో, తాడు కట్టి ఇటూ అటూ లాగించారు. కొద్ది నెలల్లోనే కంపెనీ దివాలా తీసింది. పెట్టెను తీసేసి, గ్యాస్ దీపాలు పెట్టి, మనిషికి అర పెన్నీ చొప్పున వసూలు చేస్తూ జనాన్ని నడవనిచ్చారు. అడ్డుకొలత ఏడడుగులు కూడా లేని గొట్టం అది. కాస్త పొడుగ్గా ఉన్నవాళ్లు, మంచి టోపీ ఉన్నవాళ్లు అందులోకి దిగకపోవడమే మేలని చార్లెస్ డికెన్స్ కొడుకు తన లండన్ గైడులో హెచ్చరించాడు. అయినా జనం తలలు వంచుకునే నడిచారు.

1894లో పక్కనే టవర్ బ్రిడ్జి వచ్చింది. దాని మీద నడవడానికి పైసా ఇవ్వక్కర్లేదు. నాలుగేళ్లకే, 1898లో, సబ్‌వే మూతపడింది. దాన్ని నీటి పీడనంతో యంత్రాలు నడిపే ఒక కంపెనీ కొనుక్కుని పైపులు వేసుకుంది. నేటికీ అందులో పైపులూ కేబుళ్లే ఉన్నాయి.

రోజు కూలీతో బతికేవాడికి రానూపోనూ అర పెన్నీలు చిన్న లెక్క కాదు. నడిచేవాడి దగ్గర డబ్బు గుంజి దారిని నిలబెట్టాలనుకోవడం అసలు కుదిరే పనేనా? లండన్ భూగర్భ చరిత్ర చదివిన కొద్దీ నాకు కుదరదనే అనిపిస్తుంది.

అంతకు ముందు సంగతి ఇంకా పెద్దది. తూర్పున రాథర్‌హైత్, వాపింగ్‌ల మధ్య మార్క్ బ్రునెల్ తవ్వించిన థేమ్స్ టన్నెల్ ఉంది. ఓడలు తిరిగే నది కింద అంతటి సొరంగం ప్రపంచంలో అదే మొదటిది. 1825లో పని మొదలైంది. మట్టికి ఎదురుగా ఇనుప చట్రం నిలబెట్టి, దాన్ని ముప్పై ఆరు అరలుగా చేసి, ఒక్కో అరలో ఒక్కో మనిషిని నిలబెట్టేవారు. ఆ మనిషి తన ఎదురుగా ఉన్న చెక్కల్లో ఒక్కదాన్ని తీసి, దాని వెనకున్న మట్టిని కొన్ని అంగుళాలు తవ్వి, చెక్కను మళ్లీ ముందుకు జరిపి బిగించి, తర్వాతి చెక్క అందుకునేవాడు. ఆ రోజుల్లో థేమ్స్ అంటే ఊరి మురుగంతా కలిసే కాలువ. పైనుంచి కారే నీళ్లు ఒంటి మీద పడి, విషవాయువులు పీల్చి మనుషులు జబ్బుపడ్డారు. 1828 జనవరిలో నది లోపలికి విరుచుకుపడి ఆరుగురు చనిపోయారు. బ్రునెల్ కొడుకు ఇసంబార్డ్ ఆ నీటి ఉరవడికి కొట్టుకొచ్చి, చావు తప్పి బయటపడ్డాడు. డబ్బు చాలక సొరంగాన్ని ఇటుకలతో మూసి ఏడేళ్లు వదిలేశారు.

చివరికి 1843 మార్చిలో తెరిచారు. అసలు ఉద్దేశం సరుకు బండ్లు నడపడం. బండ్లు దిగే వాలుదారులు కట్టడానికి డబ్బు లేకపోవడంతో అది కాలినడక దారిగానే మిగిలింది. మొదటిరోజే యాభై వేల మంది పెన్నీ చొప్పున ఇచ్చి దిగారు. లోపల గోడల కమానుల కింద దుకాణాలు వెలిశాయి, జాతర్లు జరిగాయి. వింత పాతబడ్డాక రద్దీ పలచబడింది, దొంగల భయం పెరిగింది. 1865లో ఒక రైల్వే కంపెనీ కొనేసింది. నాలుగేళ్లకు రైళ్లు వచ్చాయి, ఇప్పుడూ ఓవర్‌గ్రౌండ్ రైళ్లు ఆ ఇటుక కమానుల కిందే పరుగెడుతున్నాయి. 2010లో, కొత్త లైను తెరవబోయే ముందు, మార్చిలో రెండు రోజులు జనాన్ని మళ్లీ నడవనిచ్చారు.

నదికి దూరంగా, దక్షిణ లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ సబ్‌వే ఉంది. 1865లో రైలు దిగినవాళ్లు రోడ్డు దాటకుండా క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనంలోకి వెళ్లడానికి కట్టారు. ఎరుపు, లేత పసుపు ఇటుకల స్తంభాలు పైకి వెళ్లి గొడుగుల్లా విచ్చుకుంటాయి. 1936లో భవనం కాలిపోయింది, 1954లో స్టేషను మూతపడింది. అటూ ఇటూ ఏమీ మిగల్లేదు, మధ్యలో దారి మాత్రం ఉండిపోయింది. యుద్ధకాలంలో బాంబుల నుంచి తలదాచుకోవడానికి పనికొచ్చింది. చుట్టుపక్కల వాళ్లు సంఘం పెట్టుకుని ఏళ్ల తరబడి వెంటపడబట్టి మరమ్మతులు జరిగి, 2024లో మళ్లీ తెరుచుకుంది. అంత అందాన్ని కాపాడినందుకు వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

అయితే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గ్రీనిచ్ సొరంగం. దాన్ని కట్టింది లాభం కోసం కాదు. నదికి దక్షిణాన ఉంటూ అవతల ఐల్ ఆఫ్ డాగ్స్ రేవుల్లో పనిచేసే కార్మికుల కోసం. పడవకు డబ్బు పెట్టాలి, పొగమంచు పడితే ఆ పడవ కూడా ఉండదు. కార్మిక నాయకుడు విల్ క్రుక్స్ పట్టుబట్టాడు, లండన్ కౌంటీ కౌన్సిల్ ప్రజాధనంతో కట్టింది. 1902 ఆగస్టులో తెరిచిన రోజు నుంచీ ఉచితమే. 370 మీటర్ల పొడవు, గోడల నిండా తెల్లటి పెంకులు, రెండు చివరలా గాజు గుమ్మటాలు. ఉత్తరం వైపు చివర్లో దారి ఉన్నట్టుండి ఇరుకవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దెబ్బ తగిలిన చోట లోపల ఉక్కు తొడుగు వేసి, బోల్టులతో బిగించారు. అక్కడ గోడ మీద చెయ్యి పెడితే పెంకు నునుపు పోయి ఇనుము తగులుతుంది. 1912లో ఇంకా తూర్పున వూల్‌విచ్‌లో ఇలాంటిదే మరొకటి కట్టారు.

ఈ రెండింటిలోనూ రాత్రీపగలూ జనం నడుస్తూనే ఉన్నారు. మన నగరాల్లో సబ్‌వేలకు తాళాలు పడటం, జనం డివైడర్లు దూకడం చూసినప్పుడల్లా నాకు గ్రీనిచ్ గుర్తొస్తుంది. అక్కడ దీపాలు వెలుగుతాయి, మెట్లు ఊడుస్తారు, ఎవరూ డబ్బు అడగరు. అక్కడివాళ్ల గోడల్లా లిఫ్టుల గురించే. 1904లో పెట్టిన ఆ వసతి ఇప్పుడు తరచూ మొరాయిస్తోంది. అది ఆగిన రోజున మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, పిల్లల బండి తోసుకొచ్చే తల్లులు వంద మెట్ల చుట్టు దారి దిగలేక కట్టీ సార్క్ స్టేషనుకు వెళ్లి, అదే నది కింద ఒక్క స్టాపు దూరానికి రైలు ఛార్జీ పెట్టుకోవాల్సి వస్తోంది.