రెండవకాలి ఋణము

యుద్ధము ముగిసిననాడే సైనికుని యాతనయు ముగియునని లోకము తలంచును. అది పొరపాటు. తుపాకి దింపిన యిరువదియేండ్లకుగాని బయటపడని గాయములు కొన్ని కలవు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాజీ సైనికులు కీళ్లజబ్బులకై తమ ప్రభుత్వముతో నడపుచున్న వ్యాజ్యములు ఈ సత్యమునే చాటుచున్నవి.

విషయ మిది. కొలువులో నుండగా నొకని కుడిమోకాలు చెడినదనుకొందము. ఆ కాలిని కాచుకొనుటకై యాతడు బరువంతయు నెడమకాలిపై మోపి నడచును. ఏండ్లు గడచినకొలది ఎడమమోకాలు అరుగును; తుంటి పట్టుకొనును; నడుము క్రుంగును. మన రైతుల కిది తెలియని సంగతి కాదు. కాడిక్రింద నొక యెద్దు కుంటినచో రెండవదాని మెడ పుండు పడుట వారెరుగుదురు.

ఆ దేశపు శాసనము ఈ న్యాయము నంగీకరించినది. సమాఖ్య నిబంధనావళి 38వ శీర్షికలోని 3.310వ నిబంధన ప్రకారము, కొలువువలన కలిగిన వైకల్యమునుండి పుట్టిన రెండవ వైకల్యమునకును భృతి చెల్లవలెను. వేరుగా వచ్చిన జబ్బైనను, మొదటి వైకల్యమువలన ముదిరినచో, ముదిరినంతమేరకు చెల్లవలెనని 1995లో మాజీ సైనికుల న్యాయస్థానము తీర్పు చెప్పెను. సాక్ష్యము ఇరువైపుల సమముగా తూగినచో సంశయఫలము సైనికునికే దక్కవలెనని మూలశాసనమే చెప్పుచున్నది. రోగము పేరు తేలకున్నను, పనిని చెరచు నొప్పియే వైకల్యము కావచ్చునని 2018లో పై న్యాయస్థానము నిర్ణయించెను. ఇవన్నియు మెచ్చదగిన మాటలు.

అయినను శాసనమునకును ఆచరణమునకును నడుమ నెడము కలదు. మొదటి కీలు సంగతి కొలువు దస్తరములలో నుండును. రెండవదాని సంగతి వైద్యుని యభిప్రాయముపై నాధారపడును. “దీనికిని దానికిని సంబంధము లేదు” అని వైద్యుడు ఒక్క వాక్యము వ్రాసినచో అర్జీ కుంటుపడును. అట్టి వాక్యము జబ్బు ముదురుటను గూర్చిన ప్రశ్నకు సమాధానము కానేరదని 2013లో న్యాయస్థానమే చెప్పవలసివచ్చెను.

మరియు 2006 సవరణ ననుసరించి, జబ్బు ముదురుటకు ముందటి స్థితిని, లేదా ముదురుట మొదలైన పిదప లభించువానిలో మొట్టమొదటి స్థితిని వైద్యపత్రములచే చూపవలెను. ఆ మేరకు భృతిలో తగ్గింతురు. నొప్పిని పండ్లబిగువున సహించి, వైద్యుని గడప త్రొక్కక కాయకష్టము చేసికొన్నవాడు ఆ కాగితము నెక్కడనుండి తేగలడు? ఓర్పు వహించినవానికే నష్టము కలుగుట ధర్మమా?

లెక్కయు విచిత్రమే. మోకాలికి నూటికి 40, నడుమునకు 20 నిర్ణయించినచో మొత్తము 60 కాదు. మిగిలిన 60లో నైదవవంతగు 12 మాత్రమే చేరి 52 అగును. దానిని 50గా గణింతురు.

వార్ధక్యమున నందరి కీళ్లును అరుగునుగదా, అందరికిని ఖజానా తెరువవలెనా యని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ప్రజాధనమునకు కావలి యుండవలసినదే. కాని శాసనము నిశ్చయమును కోరలేదు. ఔననుటకును కాదనుటకును సమానావకాశమున్న చాలునన్నది. ఆ త్రాసును అధికారులు తమ చేతితో నొకవైపునకు నొక్కరాదు.

త్రోసివేయబడినవారు నిరాశపడ నక్కరలేదు. 2019 ఫిబ్రవరినుండి అమలులోనున్న పద్ధతి ప్రకారము, ఒక సంవత్సరములోపల క్రొత్త సాక్ష్యముతో మరల అర్జీ పెట్టుకొనుటయో, పై యధికారి పునర్విమర్శ కోరుటయో, అప్పీళ్ల మండలి కెక్కుటయో చేయవచ్చును. అట్లు చేసినవారికి తొలి అర్జీ తేదీవలని హక్కు నిలుచును.

పోరునకు బంపునపుడు రాజ్యము సైనికుని ఒక్క కాలిని మాత్రమే కోరలేదు; మనుష్యుని సాంతము కోరినది. మరలి వచ్చినపిదప కీలుకీలునకు వేర్వేరు సాక్ష్యమడుగుట రాజ్యమునకు శోభ గాదు. మేము వారికై యాచించునది దయ కాదు. ఋణము తీర్చుటయే.