లారీ పీల్చే గాలి

హైదరాబాదు నుంచి నాందేడుకు పోయే రహదారి మీద సంగారెడ్డి, జోగిపేట, పిట్లం దాటి ఇంకా ముందుకు పోతే మద్నూరు వస్తుంది. కామారెడ్డి జిల్లాకు అది ఒక కొస. ఆ తరవాత సలాబత్‌పూరు, ఆ పైన మహారాష్ట్ర. మద్నూరు బజారులో నిలబడితే తెలుగు, మరాఠీ, కన్నడం, మూడు భాషలూ చెవిన పడతాయి. నేల నల్లరేగడి, పంట పత్తి. పత్తి తీసే రోజులలో జిన్నింగు మిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉంటాయి.

వేసవి వచ్చి రేగడి బీటలు తీసిందంటే అక్కడి పొలాల బాటల మీద దుమ్ము ఎలా లేస్తుందో చూసినవారికే తెలుస్తుంది. ముందు ఒక బండి పోతే వెనక వచ్చేవారికి దారి కనిపించదు. మనమైతే ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుంటాం. మరి లారీ ఏం చేస్తుంది? అదీ మనలాగే గాలి పీల్చాలి కదా!

అటువంటి దుమ్ములో ఒక పాత సైనిక లారీ పోతున్నదని ఊహించుకోండి. దాని పేరు శక్తిమాన్. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ నమూనా ప్రకారం మన దేశంలో జబల్పూరులో 1959 నుంచి 1996 వరకు ఈ లారీలను తయారుచేశారు. 1965లోనూ, 1971లోనూ జరిగిన యుద్ధాలలో మన జవాన్లనూ, వారి తిండినీ, తూటాలనూ మోసినవి ఇవే. వయసు మళ్ళిన లారీలను సైన్యం వేలం వేస్తుంది. అలాటి లారీ కొనుక్కున్నవారు ముందుగా టైర్లు చూస్తారు, గేర్లు చూస్తారు, అడుగుభాగం తుప్పు పట్టిందేమో తట్టి చూస్తారు. ఇంజను పక్కన నల్లగా, కుండలాగా ఉండే ఒక ఇనప డబ్బాను మాత్రం చాలామంది పట్టించుకోరు. లారీకి ముక్కు ఆ డబ్బాయే.

ఇంజను ఎంత గాలి పీలుస్తుందో మీరే లెక్క కట్టవచ్చు. సిలిండర్లన్నిటిలో కలిపి 6 లీటర్ల చోటు ఉన్న ఇంజను నిమిషానికి 2000 సార్లు తిరుగుతున్నదనుకోండి. రెండు తిరుగుళ్ళకు ఒకసారి ప్రతి సిలిండరూ నిండా గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 6000 లీటర్లు! ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 6 లీటర్ల గాలి పీలుస్తాడు. కాబట్టి ఆ ఒక్క లారీ వెయ్యిమంది మనుషుల పెట్టు. గంటకు 3,60,000 లీటర్లు, అంటే 360 ఘనమీటర్ల గాలి అన్నమాట. ఒక్క లీటరు డీజిలు పూర్తిగా కాలడానికే దగ్గర దగ్గర పదివేల లీటర్ల గాలి కావాలి.

ఇప్పుడు దుమ్ము సంగతి చూడండి. కళ్ళముందు ఏమీ కనపడనంత దుమ్ము లేస్తే ప్రతి ఘనమీటరు గాలిలోనూ సుమారు ఒక గ్రాము దుమ్ము ఉంటుంది. అటువంటి చోట గంటసేపు నడిస్తే ఇంజను పీల్చే గాలితోబాటు 360 గ్రాముల దుమ్ము వస్తుంది. రేగడి బంకమట్టి మెత్తనిదే. కాని దానితో కలిసి రోడ్డు కంకర పొడీ, ఇసుకా వస్తాయి. ఇసుకలో పలుగురాయి ఉంటుంది. పలుగురాయి ముక్కతో ఒక ఇనప మేకును గట్టిగా గీసి చూడండి. గీత మేకు మీద పడుతుందిగాని రాయి మీద పడదు. ఇనుముకన్న రాయి గట్టిది.

మద్నూరు నల్లమట్టికి ఇంకొక చరిత్ర ఉంది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం దక్కను నేల పగుళ్ళలో నుంచి లావా పొంగి, మైళ్ళకొద్దీ పరుచుకుని, నల్లరాయిగా గట్టిపడింది. ఆ రాయి ఎండకూ వానకూ చివికి చివికి రేగడి అయింది. లారీ ముక్కులో చేరేది ఆ పాత అగ్నిపర్వతపు పొడే! చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది; ఇంజనుకు మాత్రం అది ఆకురాయి.

సిలిండరులో పిస్టను కిందికీ మీదికీ ఆడుతుంది. దాని చుట్టూ ఉన్న రింగులకూ, సిలిండరు గోడకూ మధ్య ఉండే నూనె పొర చాలా పలచన. మన తలవెంట్రుక మందంలో పదోవంతు కూడా చాలాచోట్ల ఉండదు. ఆ పొరలో కంటికి కనపడని ఇసుక రేణువు ఇరుక్కుంటే, నిమిషానికి వేలసార్లు అది లోహాన్ని గీస్తూ ఉంటుంది. కొన్నాళ్ళకు రింగులు అరిగిపోతాయి. లారీ ఉదయం తొందరగా స్టార్టు కాదు, నూనె తాగుతుంది, వెనక నీలిపొగ వదులుతుంది. అప్పుడు ఇంజనంతా విప్పాలి. లారీ యజమాని ఒక పంట కాలమంతా సంపాదించినది ఆ ఒక్క రిపేరుకే పోవచ్చు.

ఆ కాలపు లారీలలో చాలావాటికి నూనెతొట్టి వడపోత ఉండేది. ఇది ఎంత తెలివైన పనో చూడండి! డబ్బా అడుగున కొంచెం ఇంజను ఆయిలు పోస్తారు. గాలి నడిమి గొట్టంలో నుంచి వేగంగా కిందికి దిగి, నూనె మీదికి వచ్చి, చటుక్కున వెనక్కు తిరిగి పైకి పోవాలి. గాలి తేలిక, కాబట్టి అది తిరగగలదు. దుమ్ము బరువు, కాబట్టి తిరగలేక నూనెలో పడిపోతుంది. పరుగెత్తే బస్సు మూల తిరిగినప్పుడు మీరు పక్కవాడి మీద పడతారే, అలాగన్నమాట. మిగిలిన దుమ్మును పైనున్న తీగల వల, నూనెతో తడిసి ఉంటుంది కనుక, అంటించుకుంటుంది. కొత్త సామాను కొననక్కరలేదు. కిరసనాయిలుతో కడిగి, మడ్డి పారబోసి, మళ్ళీ నూనె పోస్తే చాలు.

కాని దీనిలో లోపాలు లేకపోలేదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వేగం తగ్గుతుంది. అప్పుడు సన్నటి దుమ్ము కూడా గాలితోబాటే మెల్లిగా మలుపు తిరిగి లోపలికి పోతుంది. నూటికి 97 పాళ్ళు ఆపిందనుకున్నా, మనం చెప్పుకున్న 360 గ్రాములలో దాదాపు 11 గ్రాములు ఇంజనులో పడ్డట్టే.

ఇంకొకటి దీనికన్న భయంకరమైనది. నూనె గుర్తు దాటి పోశారనుకోండి, లేదా లారీ బాగా ఒరిగిందనుకోండి. గాలితోబాటు నూనె కూడా సిలిండర్లలోకి పోతుంది. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు. బిగపట్టిన గాలి వేడికే మండుతుంది. దానికి డీజిలైనా ఒకటే, ఇంజను ఆయిలైనా ఒకటే. నూనె అందుతున్నకొద్దీ ఇంజను వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ ఇంకా నూనె లాగుతుంది. డ్రైవరు డీజిలు కట్టేసినా ఆగదు. అరుస్తూ, పొగ కక్కుతూ, చివరకు పగిలిపోనూ వచ్చు. దాన్ని ఆపాలంటే గాలి దారి మూయాలి. అటువంటి ఇంజను దగ్గరికి పిల్లలే కాదు, పెద్దలు కూడా పోరాదు. ‘ఇంకొంచెం పోస్తే ఇంకా మంచిది’ అనుకోవడం వల్ల వచ్చే అనర్థం ఇది.

అందుచేత ఇప్పుడు పాత లారీని మళ్ళీ పనిలో పెట్టేవారు చాలామంది నూనెతొట్టి తీసేసి కాగితపు వడపోత పెట్టిస్తారు. కాగితమేమిటి, లారీకేమిటి అని నవ్వకండి! మీటరు పొడవున్న కాగితాన్ని విసనకర్రలాగా సన్నటి మడతలు పెట్టి చూడండి. అరచేతిలో ఇమిడిపోతుంది. పెద్ద లారీ వడపోతలోని కాగితాన్ని విప్పి పరిస్తే రెండు మూడు మంచాలమీద పరిచినంత ఉంటుంది. అంత చోటు నుంచి గాలి నింపాదిగా పోతుంది కాబట్టి సన్నటి దుమ్ము కూడా ఆగిపోతుంది. మంచి కాగితపు వడపోత వెయ్యికి 999 పాళ్ళు ఆపుతుంది. అప్పుడు 360 గ్రాములలో లోపలికి పోయేది గ్రాములో మూడోవంతు మాత్రమే.

ఈ పని చేసే మెకానిక్కును అక్కడ ఉస్తాద్ అంటారు. మంచి ఉస్తాద్ ఇంజను ఎంత గాలి పీలుస్తుందో ముందుగా లెక్క వేసి, దానికన్న కొంచెం పెద్ద డబ్బానే ఎంచుతాడు. గాలి తీసుకునే మూతిని చక్రాల దుమ్ముకూ, సైలెన్సరు వేడికీ దూరంగా, ఎత్తున పెడతాడు. వాగు దాటేటప్పుడు కూడా ఆ ఎత్తు పనికివస్తుంది; నీళ్ళు సిలిండరులోకి పోతే పిస్టను కడ్డీ వంగిపోతుంది. కొత్త గొట్టం వెల్డింగు చేస్తే, లోపల మిగిలిన ఇనప రవ్వలను కడిగి తుడుస్తాడు. అన్నిటికన్న ముఖ్యం గొట్టాల అతుకులు. వడపోతకూ ఇంజనుకూ మధ్య రబ్బరు గొట్టం ఎక్కడైనా చీలితే, దుమ్ముకు అదే రాజమార్గం. ఎంత ఖరీదైన వడపోత పెట్టినా దండగే.

పత్తి కాలంలో మద్నూరు లారీకి ఇంకొక బాధ ఉంది. గాలిలో ఎగిరే దూది నూగు డబ్బా మూతికి పట్టుకుంటుంది. నూగు ఇంజనును అరగదీయదు, కాని ఊపిరి ఆడనివ్వదు. గాలి చాలక డీజిలు సరిగా కాలదు, నల్లపొగ వస్తుంది. దానికోసం మూతికి తీగజల్లెడ తొడిగి, రోజూ చేత్తో నూగు తీసెయ్యాలి. కొన్ని ట్రాక్టర్ల బోనెట్టు మీద గొడుగులాంటి గిన్నె చూసి ఉంటారు. దానిలో గాలి సుడి తిరిగి, ముతక దుమ్ము ముందే గిన్నెలో రాలిపోతుంది. అటువంటిది లారీకీ పెట్టవచ్చు.

అలాగని కాగితాన్ని రోజూ విప్పి నేలకేసి కొట్టడం చాలామందికి అలవాటు. అది తప్పు. మడతలు చిరుగుతాయి, కంటికి కనపడని చిల్లు చాలు. పైగా వింత ఏమిటంటే, సరికొత్త కాగితంకన్న కాస్త దుమ్ము పట్టిన కాగితమే బాగా వడపోస్తుంది! పట్టిన దుమ్మే తరవాత వచ్చే దుమ్మును ఆపుతుంది. మరి ఎప్పుడు మార్చాలి? చూపుతో చెప్పలేము, కొలవాలి.

ఆ కొలత సాధనాన్ని మీరు ఇంట్లో చేసుకోవచ్చు. రెండు మీటర్ల పారదర్శకమైన సన్నగొట్టం తీసుకుని, ఊయలలాగా వంచి, ఒక పలకకు కట్టండి. రంగునీళ్ళు సగందాకా పోయండి. రెండు వైపులా నీరు ఒకే మట్టాన నిలుస్తుంది. ఒక కొసను నోట పెట్టుకుని మెల్లిగా పీల్చండి. అటువైపు నీరు పైకి లేస్తుంది, రెండోవైపు దిగుతుంది. రెండు మట్టాల తేడాను అంగుళాలలో కొలవండి. ఎంత గట్టిగా పీలిస్తే తేడా అంత ఎక్కువ. నీళ్ళు నోట్లోకి రానివ్వకండి!

లారీకైతే ఆ కొసను వడపోతకూ ఇంజనుకూ నడుమ ఉన్న గొట్టానికి తగిలిస్తారు. వడపోత కొత్తగా ఉన్నప్పుడు ఇంజను పూర్తి వేగంలో తేడా ఎన్ని అంగుళాలో ఒక కాగితం మీద రాసుకుంటారు. దుమ్ము పేరుకున్నకొద్దీ ఆ అంకె పెరుగుతూ పోతుంది. ఇంజను చేసినవారు చెప్పిన హద్దు, చాలా డీజిలు ఇంజన్లకు 20 నుంచి 25 అంగుళాలు, దగ్గరపడ్డ రోజున పాత కాగితం తీసేసి కొత్తది వేస్తారు.