బాల్‌పార్క్‌కు ఎదురు మాట

కడప జిల్లా పెద్దముడియంలో చదువుకునే రోజుల్లో ఇంగ్లీషు పలుకుబళ్ళు బట్టీ పట్టాం. కుండపోత వానను 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటారని మొదట నేర్చుకున్నాను. అమెరికా వచ్చి ఇన్నేళ్ళయినా తోటి ఉద్యోగుల నోట ఆ మాట విన్నది చాలా తక్కువ. వాళ్ళు 'బాల్‌పార్క్ ఫిగర్' చెప్పమంటారు, వచ్చే వారం 'టచ్ బేస్' చేద్దామంటారు. మొదటిది ఉజ్జాయింపు లెక్క, రెండోది ఒకసారి మాట్లాడుకుని సంగతులు కనుక్కోవడం. రెండింటి వెనకా ఉన్నది బేస్‌బాల్. ఆ ఆట ఒక్కసారైనా చూస్తే ఇలాంటివి చాలా వాటంతటవే తెలిసిపోతాయి.

మన మాటలకూ ఇలాగే ఓ నేల ఉంది. మా కుందూ నది పక్క నల్లరేగడిలో, వాన వెలిసిన మర్నాడు ఇరుసుదాకా దిగబడిన బండికి భుజం పట్టినవాళ్ళకు 'నల్లేరు మీద బండి నడక' అంటే ఎంత హాయో వివరించక్కర్లేదు. ఇక్కడి పిల్లలు అదే తేలికను 'పీస్ ఆఫ్ కేక్' అంటారు. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి, రెండూ గుర్తుంటాయి. పెనం మీంచి పొయ్యిలో పడటమైతే ఇంగ్లీషులోనూ అచ్చం అలాగే ఉంది.

ఊరినుంచి వచ్చే పెద్దవాళ్ళకు మాత్రం కొన్ని ముందే చెప్పాలి. వేదిక ఎక్కబోయే మనవరాలితో ఎవరైనా 'బ్రేక్ ఎ లెగ్' అంటే అది శాపం కాదు, దీవెన. 'అండర్ ది వెదర్' అంటే ఒంట్లో నలతగా ఉందని.

ఇలా రెండు భాషల మాటలను పక్కపక్కన పెట్టే పని మా జిల్లాలో ఎదురు దిక్కునుంచి, అంటే ఇంగ్లీషువాళ్ళు తెలుగు నేర్చుకోవడంతో, ఎప్పుడో మొదలైంది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ తన 1852 నిఘంటువులో అర్థంతో ఆగలేదు, జనం ఆ మాటను ఎలా వాడతారో కూడా చూపించాడు. 1868లో కెప్టెన్ కార్ 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక'లో మన సామెతలను ఇంగ్లీషులో వివరించాడు. పరాయి భాష నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు.

అందుకే మా ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టాం. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో మన మాట. 'బాల్‌పార్క్ ఫిగర్' ఎదుట ఏం రాయాలని మా అమ్మాయి అడిగితే ఊరికి ఫోన్ చేశాను. సంగతంతా విని అమ్మ అంది: "మీ నాయన శనగచేను గట్టున నిలబడి ఎకరాకు ఎన్ని మూటలు పడతాయో చెప్పేవాడే, ఆ అందాజు లెక్కే కదప్పా!"

కుడి పేజీలో అమ్మాయి గుండ్రటి తెలుగు అక్షరాలతో 'అందాజు' అని రాసుకుంది.